1991 నాటి ఫ్లాపీలో మండీ లెక్కలు: బస్తాలు సరిగ్గా ఉన్నాయి, తూకాలన్నీ మైనస్‌లో వస్తున్నాయి

ఆదోని_పత్తిమూట · శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మాది ఆదోని. నాన్న మార్కెట్ యార్డులో వేరుశనగ, పత్తి కమీషన్ మండీ నడిపేవారు. 1991లో సరదాపడి కంప్యూటర్ కొన్నారు, ఎవరో కుర్రాడితో ప్రోగ్రాము రాయించారు. ఏడాది తిరగకుండానే విసిగిపోయి మళ్లీ ఎర్ర అట్ట పుస్తకాలకే వచ్చేశారు. కంప్యూటర్ ఎప్పుడో పాత ఇనుములో పోయింది. మొన్న అటక దులుపుతుంటే ఒక పెద్ద ఫ్లాపీ దొరికింది. హైదరాబాదులో తెలిసినవాళ్ల ద్వారా అందులోని ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను.

ఫైలు 20,808 బైట్లు. ప్రతి 34 బైట్లకు ఒక పార్టీ పేరు కనిపిస్తోంది, అంటే 612 పద్దులు. పేరుకు 20 బైట్లు పోగా 14 మిగులుతాయి. మొదటి రెండు బైట్లు బస్తాల సంఖ్య అని పట్టుకున్నాను, పుస్తకంతో సరిపోయింది. మిగతా పన్నెండూ తూకం, ధర, పార్టీ ఖాతాలో నిల్వ సొమ్ము అయి ఉండాలి, నాలుగేసి చొప్పున. పైథాన్ అనే ప్రోగ్రాము భాషతో నాలుగు బైట్ల దశాంశ సంఖ్యలుగా చదివిస్తే మాత్రం అన్నీ మైనస్‌లో, అదీ కంటికి ఆననంత చిన్నవిగా వస్తున్నాయి. ఏమి చేయాలి?

బురుజు_కింద (కర్నూలు) · శనివారం, ఉదయం 9:40

అమ్మా, ముప్పై ఏళ్లు అటక మీద పడి ఉన్న ఫ్లాపీ అది. బూజు పట్టి ఉంటుంది. ఫైలు పాడైపోయింది. దాని మీద సమయం పెట్టకండి.

ఆదోని_పత్తిమూట · శనివారం, ఉదయం 9:58

బూజు పడితే పేర్లకూ పట్టాలి కదా అన్నా! 612 పేర్లలో ఒక్క అక్షరం చెదరలేదు. బస్తాలూ సరిగ్గా ఉన్నాయి. బూజు తూకాలను మాత్రమే ఏరుకుని తింటుందా?

టవర్‌క్లాక్_అనంతపురం · శనివారం, ఉదయం 11:25

ఏదైనా ఒక పద్దులో తూకం తాలూకు నాలుగు బైట్లనూ విడివిడిగా, 0 నుంచి 255 వరకు ఉండే అంకెలుగా ఇక్కడ రాయండి. పుస్తకంలో ఆ తూకం ఎంత ఉందో కూడా రాయండి. కనీసం మూడు పద్దులవి కావాలి.

ఆదోని_పత్తిమూట · శనివారం, మధ్యాహ్నం 12:10

ఒకటి: 0, 64, 78, 137. పుస్తకంలో 412.5 కిలోలు, 11 బస్తాలు. పైథాన్ చూపిస్తున్నది మైనస్ గుర్తు, సున్నా, చుక్క, ఆ తరువాత 32 సున్నాలు, ఆపైన 248.

అదే పద్దులో ధర: 0, 32, 75, 138. పుస్తకంలో క్వింటాలు 812.50.

ఇంకొకటి, ఒక చిన్న తూకం: 0, 0, 32, 132. పుస్తకంలో 10 కిలోలు. నమూనా మూట అయి ఉంటుంది.

టవర్‌క్లాక్_అనంతపురం · శనివారం, మధ్యాహ్నం 1:05

ఫైలు నిక్షేపంగా ఉంది. మీరు చదివే పద్ధతే వేరు.

నాలుగో బైటు చూడండి: 137, 138, 132. ఇప్పటి కంప్యూటర్లలో 10 రాస్తే బైట్లు 0, 0, 32, 65 అని వస్తాయి. మీ ఫైలులో 0, 0, 32, 132. మొదటి మూడూ ఒకటే, నాలుగోది మారింది. దాన్ని చూడగానే ఇది మైక్రోసాఫ్ట్ పాత బేసిక్ అనే ప్రోగ్రాము భాష వాడిన అమరిక అని తెలిసిపోతుంది. మీ నాన్నగారి ప్రోగ్రాము ఆ బేసిక్‌లలో ఒకటైన జీడబ్ల్యూ బేసిక్‌లో రాసి ఉండాలి.

ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న అమరిక ఐఈఈఈ 754, 1985లో ప్రమాణమయింది. దాని వెనుక ముఖ్యుడు విలియం కహాన్, 1989లో ట్యూరింగ్ అవార్డు ఆయనకు వచ్చింది. అంతకు ముందు ఏ కంపెనీ వంట దానిదే. ఐబీఎం పెద్ద యంత్రాలది పదహారు ఆధారంగా నడిచే లెక్క, డిజిటల్ కంపెనీ వ్యాక్స్ యంత్రాలది ఇంకొక తీరు. మైక్రోసాఫ్ట్‌ది 1975లో ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ కోసం రాసిన బేసిక్‌తో మొదలైంది, ఆ గణితభాగం రాసినవాడు మాంటీ డేవిడాఫ్. ప్రమాణం వచ్చాక కూడా జీడబ్ల్యూ బేసిక్ పాత దారినే పట్టుకుని నడిచింది. అందుకే 1991లో ఎక్కించిన లెక్క 1975 నాటి యాసలో ఉంది.

విప్పే తీరు చెబుతాను. నాలుగో బైటు సున్నా అయితే విలువ సున్నా. లేదంటే అందులోంచి 129 తీసేయండి, అది రెండు మీద ఘాతం. మూడో బైటు 128 లేదా అంతకు మించి ఉంటే సంఖ్య రుణం, ఆ 128 తీసేయండి. తరువాత మూడో బైటుకు ఎలాగూ 128 కలపాలి. మొదటి బిట్టు, అంటే 0 గానీ 1 గానీ పట్టే గడి, ఎప్పుడూ 1గానే ఉంటుంది కాబట్టి దాన్ని రాయకుండా ఆదా చేసి, ఆ చోటును గుర్తుకు ఇచ్చారు. కలిపినదాన్ని 65,536తో హెచ్చించి, రెండో బైటును 256తో హెచ్చించి కలిపి, మొదటి బైటును అలాగే కలిపి, మొత్తాన్ని 83,88,608తో భాగించి, రెండు మీద ఆ ఘాతం వేస్తే వచ్చేదానితో హెచ్చించాలి.

మీ 412.5 చూద్దాం. 78కి 128 కలిపితే 206. దాన్ని 65,536తో హెచ్చిస్తే 1,35,00,416. 64ను 256తో హెచ్చిస్తే 16,384. మొత్తం 1,35,16,800. 83,88,608తో భాగిస్తే 1.611328 చిల్లర. ఘాతం 137 మైనస్ 129, అంటే 8. రెండు మీద ఎనిమిది 256. హెచ్చిస్తే 412.5, మిగులు లేదు.

పైథాన్‌కు మైనస్ ఎందుకు కనిపించిందంటే, ఐఈఈఈలో గుర్తు నాలుగో బైటు తలమీద కూర్చుంటుంది. 137 అంటే 128 దాటింది కాబట్టి అది రుణం అనుకుంది. ఒకరి ఇంటిపేరును ఇంకొకరు పేరుగా చదివినట్లు.

బురుజు_కింద (కర్నూలు) · శనివారం, మధ్యాహ్నం 1:31

సరే, బూజు నా బుర్రకే పట్టింది. అయినా ఫైలు తనది ఏ అమరికో పైన ఒక మాట రాసుకుని ఉండకూడదా?

టవర్‌క్లాక్_అనంతపురం · శనివారం, మధ్యాహ్నం 1:50

ఇలాంటి ఫైలు రాసుకోదు. అందులో ఉన్నవి బైట్లు మాత్రమే. అవి తూకమా, ధరా, పేరులో నాలుగు అక్షరాలా అన్నది రాసిన ప్రోగ్రాముకు తెలుసు. ప్రోగ్రాము పోతే పుస్తకం పక్కన పెట్టుకుని ఇలా తవ్వుకోవడమే.

ఆదోని_పత్తిమూట · ఆదివారం, రాత్రి 8:44

612 పద్దులూ విప్పేశాను. తూకాలూ ధరలూ పుస్తకంలో ఉన్నట్లే దిగాయి. చాలా సంతోషం సారు.

పుస్తకం వెనుక అట్టకు అంటించి ఆ ప్రోగ్రాము కాగితం కూడా దొరికింది, మీరు చెప్పినట్లు అది జీడబ్ల్యూ బేసిక్‌దే. ప్రింటు తీసేటప్పుడు నాలుగు బైట్లనూ చదివి ఎనిమిది బైట్ల చరరాశిలో పెట్టుకుని, రెండు దశాంశాల వరకు ముద్రించినట్లు ఉంది.

ఇప్పుడు ఇంకొక చిక్కు వచ్చింది. నిల్వల్లో కొన్ని పైసా తేడాతో ఉన్నాయి. ఒక పార్టీది పుస్తకంలో 1,84,327.35. ఫైలులో బైట్లు 214, 1, 52, 146. విప్పితే 1,84,327.34375 వస్తోంది. నేను విప్పడంలో తప్పు చేశానా? నిల్వను ప్రోగ్రాము లెక్కకట్టలేదు, గుమాస్తా పుస్తకంలో చూసి రోజూ కొట్టేవాడని నాన్న చెబుతున్నారు.

నిజం చెప్పాలంటే నాన్న కంప్యూటర్ మీద విరక్తి చెందింది ఈ పైసాల వల్లే. గుమాస్తా అంకెలు తప్పు కొడుతున్నాడని రోజూ గొడవ. చివరికి అతను మానేసి వెళ్లిపోయాడు.

తులం_ప్రొద్దుటూరు · ఆదివారం, రాత్రి 9:20

డబ్బును తేలే చుక్క సంఖ్యలో, అంటే ఈ నాలుగు బైట్ల లాంటి ఫ్లోటింగ్ పాయింట్ అమరికలో, పెట్టడమే మొదటి తప్పు. నేను ఇక్కడ బంగారం అంగళ్లకు బిల్లింగు ప్రోగ్రాములు రాస్తాను. తూకం గ్రాములకు మూడు దశాంశాలు. నేను గ్రాములు దాచనే దాచను, మిల్లీగ్రాములుగా పూర్ణ సంఖ్యలే. 11.664 గ్రాములంటే ఫైలులో 11664. డబ్బూ అంతే, పైసల్లో. చుక్క అన్నది తెర మీద కనిపించేటప్పుడు పెట్టే బొట్టు మాత్రమే. మూడు శాతం జీఎస్టీ వేశాక సగం పైసాను ఎటు తోయాలన్నది ఒకే చోట, ఒకసారి తేల్చుకుంటాను.

1982లో వాంకూవర్ స్టాక్ ఎక్స్‌ఛేంజిలో ఒక సూచీ 1000 దగ్గర మొదలుపెట్టారు. ప్రతి లావాదేవీకీ మూడు దశాంశాల తరువాతది కోసి పారేశారు, దగ్గరి అంకెకు సవరించలేదు. రెండేళ్లు తిరగకుండానే సూచీ 520ల్లోకి జారింది. లెక్క సరిచేసి చూస్తే అది 1,098 దగ్గర ఉండాలట.

బురుజు_కింద (కర్నూలు) · ఆదివారం, రాత్రి 9:33

ఇక్కడ కోసినవాళ్లు ఎవరూ లేరు కదా? గుమాస్తా 35 పైసలు అని కొట్టాడు. కంప్యూటర్ 34.375 అని ఎందుకు పెట్టుకుంది?

లెక్కల_పలక_కడప · ఆదివారం, రాత్రి 10:47

విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను, ఈ ప్రశ్న వదలబుద్ధి కావడం లేదు.

మూడింట ఒక వంతును దశాంశాల్లో రాయమంటే 0.333 అని రాస్తూ పోతాం, ముగియదు. పదికి ఉన్న కారణాంకాలు రెండు, అయిదు. మూడు అందులో లేదు. కంప్యూటర్‌కు ఉన్న కారణాంకం రెండు ఒక్కటే. సగం, పావు, అర్ధపావు అన్నీ దానికి చక్కగా కుదురుతాయి. పదో వంతులో అయిదు ఉంది. రెండును ఎన్నిసార్లు హెచ్చించినా అయిదు పుట్టదు. అందుకే మనకు తేలికైన 0.1 దానికి ముగింపు లేని భిన్నం, 0.000110011001100 అంటూ 0011 తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడో ఒక చోట కోయాలి. నాలుగు బైట్ల సంఖ్యలో 24 బిట్ల దగ్గర, ఎనిమిది బైట్ల ఐఈఈఈ సంఖ్యలో 53 బిట్ల దగ్గర సవరించి ఆపుతారు. ఎనిమిది బైట్లలో కూడా 0.1 అంటే నిజానికి 0.1000000000000000055 చిల్లర. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చేది ఇందుకే.

ఇక అమ్మాయి నిల్వ. 24 బిట్లే ఉన్నాయి. 1,84,327 రాయడానికే వాటిలో 18 బిట్లు పోయాయి. పైసలకు మిగిలినవి ఆరు. ఆరు బిట్లతో రూపాయిని 64 ముక్కలు చేయవచ్చు, వంద చేయలేము. 35 పైసలంటే 64లో 22.4 ముక్కలు. 22 ముక్కలు పెడితే 34.375 పైసలు, 23 పెడితే 35.9375. దగ్గరిది 22, అదే పెట్టుకుంది.

ఇక్కడ నాకు నవ్వొచ్చింది. రూపాయికి 64 ముక్కలంటే మన పాత లెక్కే కదా! పదహారు అణాలు, అణాకు నాలుగు కానీలు. ‘కానీకి కొరగాడు’ అంటారే, ఆ కానీ. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా ఈ దేశం నడిచింది దాని మీదే. అమ్మాయి రాసిన బైట్లు కలిపి చూశాను: 180ని 65,536తో హెచ్చిస్తే 1,17,96,480. దానికి 256, 214 కలిపితే 1,17,96,950. దాన్ని 64తో భాగిస్తే నిల్వ వస్తుంది. అంటే ఆ ఫైలులో ఉన్నది రూపాయలూ కాదు, పైసలూ కాదు. కోటీ పదిహేడు లక్షల తొంభై ఆరువేల తొమ్మిది వందల యాభై కానీలు! నయాపైసలు వచ్చిన ముప్పై నాలుగేళ్లకు కూడా మీ కంప్యూటర్ కానీల్లోనే లెక్క రాసుకుంది.

ఇంకొక మాట. మన కరణాల లెక్కల్లో భిన్నాలు నాలుగు మీదే దిగేవి. పావు, అందులో పావు వీసం, అందులో పావు కానీ. వాటికి విడిగా గుర్తులుండేవి. 2008లో యూనికోడ్ 5.1 ఆ తెలుగు భిన్నాంకాలకు తూము అనే ధాన్యపు కొలత గుర్తుతో పాటు చోటిచ్చింది. ఆ లెక్కలో ఎంత లోతుకు దిగినా కంప్యూటర్‌లో శేషం మిగలదు. తేడా అంతా పదికీ రెండుకీ మధ్యనే.

టవర్‌క్లాక్_అనంతపురం · సోమవారం, ఉదయం 6:50

సారు, రాత్రి ఇది చదివి నిద్ర పట్టలేదు.

తులం గారి సలహా మీద చిన్న మాట. ఆ రోజుల్లో పైసల్లో పెట్టినా ఈ నాలుగు బైట్లలో ఇమడదు. 24 బిట్లలో వరుసగా తప్పులేకుండా దాచగల పూర్ణ సంఖ్య 1,67,77,216 వరకే. పైసలుగా అది 1,67,772 రూపాయల 16 పైసలు. ఈ నిల్వ పైసల్లో 1,84,32,735, హద్దు దాటింది, బేసి సంఖ్య కూడా, కాబట్టి కుదరదు. జీడబ్ల్యూ బేసిక్ పూర్ణ సంఖ్యేమో రెండు బైట్లే, 32,767తో సరి. బస్తాలకు చాలు, మండీ నిల్వకు చాలదు. ఎనిమిది బైట్లలో పైసలు పెట్టి ఉండాల్సింది. ఫ్లాపీలో చోటు కలిసివస్తుందని ఆ కుర్రాడు నాలుగు బైట్లు ఎంచుకుని ఉంటాడు.

తులం_ప్రొద్దుటూరు · సోమవారం, ఉదయం 7:15

ఒప్పుకుంటున్నాను. పూర్ణ సంఖ్య అన్నానే గానీ ఎన్ని బైట్లది అన్నది మరిచాను.

పాత_లెడ్జరు (అనంతపురం) · సోమవారం, ఉదయం 10:02

బ్యాంకులో పెద్ద కంప్యూటర్ల దగ్గర పని చేసి దిగినవాణ్ణి. మాకు కోబాల్ అనే ప్రోగ్రాము భాషలో ఈ గొడవే లేదు. అంకెలను అంకెలుగానే దాచేవాళ్లం, ఒక బైటులో రెండు అంకెలు చొప్పున. మీ నిల్వ అయితే 01, 84, 32, 73, ఆఖరి బైటులో 5, దాని పక్క సగంలో ధనమా రుణమా అన్న గుర్తు. 12 ఉంటే ధనం, 13 ఉంటే రుణం. అయిదు బైట్లు, ఒక పైసా అటూ ఇటూ కాదు. చుక్క ఫైలులో ఉండదు, చివరి రెండు అంకెలూ పైసలని ప్రోగ్రాములో రాసి ఉంటుంది. పదహారు ఆధారంగా బైట్లను అచ్చేస్తే అంకెలు కంటికి అలాగే కనిపించేవి. అర్ధరాత్రి లెక్క తేలనప్పుడు దాని విలువ తెలిసేది.

అప్పటి డేటాబేస్ ప్రోగ్రాము డీబేస్ ఫైళ్లయితే ఇంకా తేలిక, అంకెలను అక్షరాల్లాగే రాసేది. చోటు ఎక్కువ తింటుంది, కానీ ఎప్పుడైనా ఎవరైనా చదువుకోవచ్చు.

బురుజు_కింద (కర్నూలు) · సోమవారం, ఉదయం 10:30

మా ఆఫీసులో పదహారంకెల ఖాతా నంబర్లు ఎక్సెల్‌లో తెరిస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. అది కూడా ఇదేనా?

టవర్‌క్లాక్_అనంతపురం · సోమవారం, ఉదయం 10:41

ఎక్సెల్ పదిహేను అంకెల వరకే పట్టుకుంటుంది. ఖాతా నంబరుతో కూడికలు చేయం కదా, ఆ గడిని ముందే అక్షరాల గడిగా మార్చి ఎక్కించండి. సున్నాతో మొదలయ్యే నంబర్లకూ అదే మందు.

లెక్కల_పలక_కడప · సోమవారం, సాయంత్రం 5:18

అమ్మాయీ, పొద్దున్నుంచి కాగితం మీద ఒక లెక్క కట్టాను. పుస్తకం నీ దగ్గరే ఉంది కాబట్టి సరిచూసి చెప్పు.

1,31,072 రూపాయల లోపు నిల్వల్లో పైసలకు కనీసం ఏడు బిట్లు మిగులుతాయి. రూపాయికి 128 ముక్కలు, తప్పు అరపైసా దాటదు, రెండు దశాంశాలకు సవరిస్తే సరైన పైసాయే వస్తుంది. కాబట్టి ఆ లోపు ఒక్క తేడా కూడా ఉండకూడదు.

1,31,072 నుంచి 2,62,144 వరకు 64 ముక్కలు. మండీలో పైసలు అయిదేసి చొప్పున ఉంటాయనుకుంటున్నాను. అలా అయితే 10, 35, 60, 85 పైసలతో ముగిసే నిల్వలు ఒక పైసా తగ్గి కనిపించాలి. 15, 40, 65, 90తో ముగిసేవి ఒక పైసా పెరిగి కనిపించాలి. మిగతావన్నీ సరిగ్గా ఉండాలి. 2,62,144 దాటితే 32 ముక్కలే, అక్కడి తేడాలు వేరు, ఇప్పటికి వదిలేయి.

ఆదోని_పత్తిమూట · మంగళవారం, రాత్రి 11:06

సారు, సాయంత్రమంతా నాన్న పక్కన కూర్చుని చూశాం. 612లో 1,31,072 దాటినవి 57. ఆ లోపు ఒక్క తేడా లేదు. ఆ 57లో ఒక్కటీ 2,62,144 దాకా పోలేదు. తేడా ఉన్నవి 23. పదమూడు పైసా తగ్గినవి, పది పెరిగినవి. అన్నీ మీరు చెప్పిన ముగింపులే. 10తో ముగిసేది ఒకటి తగ్గకుండా ఉంది అనుకుని సంబరపడ్డాను, తీరా చూస్తే అది 1,30,000 చిల్లర.

పుస్తకంలో అప్పట్లో నాన్న ప్రింటు పక్కన పెట్టుకుని ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టారు. లెక్కపెట్టాను. పదమూడే ఉన్నాయి. పెరిగిన పది దగ్గర గీత కూడా లేదు.

ఎందుకు చుట్టలేదని అడిగితే నాన్న కాసేపు పేజీలు తిప్పి, “పెరిగినవాటికి అతణ్ణి ఏమని అడగాలి?” అన్నారు. తరువాత కళ్లజోడు తీసి, గుమాస్తా ఊరు పత్తికొండా, దేవనకొండా అని నన్నే అడిగారు. నాకు అప్పటికి ఏడేళ్లు, నాకేమి తెలుసు! రేపు యార్డులో పాత హమాలీలను అడిగి రమ్మన్నారు.

పాత_లెడ్జరు (అనంతపురం) · బుధవారం, ఉదయం 6:31

వెళ్లేటప్పుడు ఆ ప్రింటు కూడా పట్టుకెళ్లండి అమ్మా. పదమూడూ పదీ రెండూ గుర్తు పెట్టి.